పారిస్ చిన్న బిస్ట్రో, బరంపురం వంటిల్లు

బిస్ట్రో అంటే పారిస్‌లో చిన్న భోజన హోటలు, పాతిక, ముప్పై మందికి మించి పట్టని గది. చలికాలం వీధివైపు అద్దానికి లోపలినుంచి ఆవిరి పట్టి ఉంటుంది. తలుపు తోయగానే వెన్నలో మగ్గిన ఉల్లిపాయల వాసన, దాని వెనకే అప్పుడే కోసిన బాగెట్ రొట్టె వాసన. తగరపు రేకు తొడిగిన కౌంటరు దగ్గర నిలబడి కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు. గోడ పొడుగునా ఎర్ర రెక్సిన్ బెంచీ, దాని ముందు రెండడుగుల బల్లలు జానెడు ఎడంలో వరసగా. పారిస్‌లో కొన్నాళ్లు బతికి ఒడిశాలోని బరంపురం తిరిగొచ్చిన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ముందు మాటల్లోకి వచ్చేది ఈ గదే. పెద్ద పెద్ద కట్టడాల సంగతి తరవాత.

ఆ గదిలో ప్రతిదానికీ ఒక కారణం ఉండేది. గోడలకి పెద్ద అద్దాలు పెట్టడం గది పెద్దదిగా కనబడ్డానికి మాత్రమే కాదు, కౌంటరు వైపు తిరిగి నిలబడ్డ వెయిటరుకి వెనకాల ఏ బల్ల దగ్గర చెయ్యి లేచిందో అందులో కనిపిస్తుంది. గోడకి ఆనించిన బెంచీ అయితే కుర్చీ వెనక్కి జరపడానికి చోటు అక్కర్లేదు, అదే గదిలో ఇంకో రెండు బల్లలు పడతాయి. లోపలివైపు కూర్చోవాలంటే వెయిటరు బల్లని ముందుకి లాగుతాడు, మనం వెళ్లి కూర్చున్నాక మళ్లీ తోస్తాడు. అతను వచ్చేదాకా ఆగాలి. మనంతట మనం దూరబోతే పక్కబల్ల మీది గ్లాసు పడుతుంది. బట్ట మీద పరిచిన తెల్ల కాగితం ప్రతి భోజనానికీ మారుతుంది. ఉతుకు ఖర్చు అలా తగ్గుతుంది.

ఇది రాయడం రెండు రకాల వాళ్ల కోసం. ఒకరు ఆ రుచులు మరిచిపోలేక ఇక్కడ, గేట్ బజారులోనో పెద్ద బజారులోనో దొరికే సరుకుతో చేసుకోవాలనుకునేవాళ్లు. రెండోవాళ్లు చదువుకనో ఉద్యోగానికనో ఇప్పుడు బయల్దేరుతున్న మన పిల్లలు. ఇద్దరికీ చెప్పాల్సిన మాట ఒకటే. బిస్ట్రోలో దొరికిన హాయి అలంకారం వల్ల వచ్చింది కాదు. తక్కువ రకాలు, తక్కువ మందికి, వేళకి వండటం వల్ల వచ్చింది. ఆ పద్ధతి పట్టుకుంటే బరంపురం వంటింట్లో కూడా చాలావరకు సాధ్యమే.

ఈ చిన్న హోటళ్లలో చాలా వాటిని నడిపింది పారిస్ వాళ్లు కాదు. ఫ్రాన్స్ మధ్యనున్న ఓవెర్న్, అవేరోన్ కొండ ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. మొదట్లో ఇళ్లకి నీళ్లు, కట్టెలు, బొగ్గు మోసేవారు. బొగ్గు కొట్టులోనే ఒక పక్క ద్రాక్షసారా పోసి అమ్మేవారు, ఆ కౌంటరే మెల్లిగా భోజనశాల అయింది. గోపాల్‌పూర్ రేవులో పడవెక్కి రంగూన్ వెళ్లిన గంజాం కుటుంబాలకి ఈ కథ కొత్తగా అనిపించదు. చవక భోజనానికి ఇంకో దారి 1855 ప్రాంతంలో దువాల్ అనే మాంసం వ్యాపారి వేశాడు. మంచి ముక్కలు డబ్బున్నవాళ్లకి అమ్మేసి, మిగిలిన వాటిని గంటలకొద్దీ మరిగించి మార్కెట్ కూలీలకి వేడి రసం, ఉడికిన మాంసం పెట్టాడు. అలాంటి వాటిని బుయ్యోన్ అనేవారు. 1896లో మొదలైన బుయ్యోన్ షార్తియే ఇప్పటికీ ఫొబూర్ మోమార్త్ర్ వీధిలో నడుస్తోంది. అక్కడ వెయిటరు బిల్లు బల్ల మీది కాగితం మీదే రాసి కూడతాడు. రోజూ వచ్చేవాళ్లు తమ చేతిగుడ్డ దాచుకోవడానికి గోడకి నెంబర్లున్న చెక్క సొరుగులు ఉంటాయి. షార్తియే చాలా పెద్ద హాలు, నేను చెబుతున్న చిన్న గది కాదు. అయినా చిన్న గదులు నేర్చుకున్న పొదుపు ఇదే.

ఎవరు ఏ కాలంలో అక్కడ ఉన్నారో వాళ్ల మాటల్ని బట్టే తెలిసిపోతుంది. ధరలు ఫ్రాంకుల్లో చెబితే 2002కి ముందువాళ్లు. భోజనంతో పాటు సిగరెట్ పొగ గుర్తున్నవాళ్లు 2008 జనవరి 1కి ముందువాళ్లు, ఆ రోజు నుంచి హోటళ్లలో పొగ నిషేధం. ఫోన్లో మెనూ చూసినవాళ్లు ఈమధ్యవాళ్లు. మిగిలినదంతా అందరికీ ఒకటే.

నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన రకాలు మొత్తం ఎనిమిది, తొమ్మిది ఉంటాయి. మొదటి వడ్డనకి మూడు, అసలు భోజనానికి మూడు, తీపి రెండో మూడో. లోపల వంటగది మన ఇళ్లలో స్నానాలగది కన్నా పెద్దగా ఉండదు. వంటమనిషి ఒకరు, గిన్నెలు కడిగేవారు ఒకరు, బయట వడ్డించేవారు ఒకరు. ఫ్రిజ్ చిన్నది కాబట్టి రేపటి సరుకు ఈరోజు దాచడానికి చోటుండదు, తెచ్చింది అదే రోజు అయిపోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి సుద్దతో ఒక రకం కొట్టేశారంటే అది నిజంగా అయిపోయిందని అర్థం. ఎంచుకోవడానికి రాని కొత్తవాళ్లకి నల్లబల్లలో పైన రాసే ఆ రోజు ప్రత్యేకం అన్నిటికన్నా నమ్మదగ్గది. పొద్దున్నే వండేది అదే, ఎక్కువ మంది తినేదీ అదే. కాథలిక్ అలవాటు వల్ల శుక్రవారం చాలాచోట్ల చేప ఉంటుంది. లెంటిల్ పప్పుతో ఉప్పుపంది, తెల్ల సాసులో దూడమాంసం, బంగాళదుంప ముద్ద కింద కైమా, ఇవన్నీ చవక ముక్కల్ని మూడు గంటలు సన్నమంట మీద ఉంచి సాధించిన రుచులు. 2014 నుంచి, అక్కడే పచ్చి సరుకుతో వండిన వంటకం పక్కన మూత బదులు ఇంటికప్పు ఉన్న మూకుడు గుర్తు వేసుకోవచ్చు. ఫ్యాక్టరీలో వండి సంచుల్లో వచ్చినది వేడిచేసి పెట్టే చోట్లు కూడా ఉన్నాయి. పర్యాటకులు తిరిగే వీధిలో, అయిదు భాషల్లో, బొమ్మలతో, అరవై రకాల మెనూ కనిపిస్తే ముందుకి నడవండి.

వేళలు ఖచ్చితం. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, రాత్రి ఏడున్నర నుంచి. మధ్యాహ్నం రెండున్నరకి వెళితే తలుపు తీసే ఉంటుంది గానీ పొయ్యి ఆరిపోయి ఉంటుంది. మన ఊళ్లో మెస్సులకి అలవాటుపడ్డవాళ్లు దీనికి నొచ్చుకోకూడదు. లోపలికి అడుగుపెడుతూనే "బోంజూర్" అనాలి. అది అనకుండా ఖాళీ బల్ల చూసుకుని కూర్చుంటే ఆ పూటంతా వెయిటరు ముఖం మాడ్చుకునే ఉంటాడు. ఎంతమందో వేళ్లతో చూపిస్తే చోటు అతనే చూపిస్తాడు. మధ్యాహ్నం పూట రెండు వడ్డనలకి కలిపి ఒక ధర, మూడింటికి ఒక ధర రాసి ఉంటుంది. విడివిడిగా చెప్పడం కన్నా ఇదే చవక. మంచినీళ్లు కావాలంటే "ఉన్ కరాఫ్ దో" అని అడగాలి. ఉత్త "నీళ్లు" అంటే డబ్బు పెట్టాల్సిన సీసా వస్తుంది. కూజాలో వచ్చే కొళాయి నీళ్లకీ భోజనంతో ఇచ్చే రొట్టెకీ డబ్బు తీసుకోరు. రొట్టె అయిపోతే బుట్ట పైకెత్తి చూపిస్తే మళ్లీ తెస్తారు. ఆ రొట్టెని కంచంలో కాదు, బల్ల మీదే, కాగితం మీద పెట్టుకుంటారు. చేత్తో తుంచి, కంచంలో మిగిలిన సాసు తుడుచుకుని తినడం అక్కడ తప్పు కాదు. మన చేతులకి ఆ మాట ఎంత నెమ్మదినిచ్చిందో అక్కడ తిన్నవాళ్లకే తెలుసు.

బిల్లు అడిగేదాకా తేరు. అరగంట కూర్చున్నా, గంట కూర్చున్నా లేవమనరు. పట్టించుకోలేదని కోపం తెచ్చుకోనక్కర్లేదు, ఆ బల్ల ఆ పూటకి మీది. పన్నూ, సర్వీసూ రాసిన ధరలోనే కలిసి ఉంటాయి. పైన ఇవ్వాలనిపిస్తే ఒకటి రెండు యూరోల చిల్లర వదిలితే చాలు, శాతాల లెక్క లేదు. కాఫీ తీపి తర్వాత విడిగా వస్తుంది, పాలు లేకుండా, రెండు గుక్కల్లో అయిపోయేంత.

మన ఇళ్లలో గొడ్డుమాంసం, పంది తినని వాళ్లు ఎక్కువ, శాకాహారులూ ఉన్నారు. వాళ్లకి అసలు జాగ్రత్త కావలసింది మాంసం పేరు లేని వంటకాల దగ్గరే. ఉల్లిపాయ సూపు సాధారణంగా గొడ్డు ఎముకల రసంతో చేస్తారు. ఆకుల సలాడ్ మీద చిన్న చిన్న పందిమాంసం ముక్కలు చల్లుతారు. బంగాళదుంపలు బాతు కొవ్వులో వేయించడం కొన్నిచోట్ల గొప్పగా చెప్పుకుంటారు, కొన్నిచోట్ల గొడ్డు కొవ్వు. గ్రుయేర్, కోంతే లాంటి జున్నుల్లో పాలు విరచడానికి దూడ పొట్టనుంచి తీసిన రెన్నెట్ వాడాలన్నది వాటి నియమం. పట్టింపు ఉన్నవాళ్లు ఇది తెలుసుకుని నిర్ణయించుకోవాలి. ఇబ్బంది లేని రకాలు కూడా ఉన్నాయి. ఉడికించిన గుడ్డు మీద చిక్కటి మయోనీస్, ఉడికించి చల్లార్చిన, లావుపాటి ఉల్లికాడల్లాంటి లీక్ కాడల మీద ఆవాల వినిగర్ సాసు, పచ్చి ఆకులతో ఆమ్లెట్, వెల్లుల్లి రాసిన పళ్లెంలో పాలు, మీగడతో సన్నగా కాల్చిన బంగాళదుంపల గ్రాటాన్. కోడి కాల్చినదీ, చేపా దాదాపు ఎప్పుడూ ఉంటాయి.

ప్రతి బల్ల మీదా ఉండే చిన్న ఆవాల జాడీ మాత్రం మన వాళ్లని అక్కడ నిలబెట్టింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు మాది. మా వంటిళ్లలో తెలుగువారి ఆవపెట్టిన కూరా, ఒడియావారు ఆవముద్దతో చేసే బెసరా రెండూ ఉంటాయి. అరటికాయ కూరలో ఆవముద్ద దించాకే కలిపినట్టు, ఫ్రెంచి వంటవాళ్లు డిజోన్ అనే తమ ఆవముద్దని సాసులో పొయ్యి ఆర్పాకే కలుపుతారు. రెండింటికీ కారణం ఒకటే. ఆవగింజ నలిగి నీళ్లు తగిలినప్పుడు అందులోని ఎంజైము ఘాటుని పుట్టిస్తుంది, ఆ ఘాటు ఆవిరైపోయే రకం, మరిగితే పోతుంది. ఇంట్లో చేసుకోవాలంటే నల్ల ఆవాలు 50 గ్రాములు చల్లటి నీళ్లు 50 మిల్లీలీటర్లు, వినిగర్ 30 మిల్లీలీటర్లలో రాత్రంతా నాననిచ్చి, అర చెంచా ఉప్పుతో మెత్తగా రుబ్బండి. వేడినీళ్లు పోస్తే ఎంజైము చచ్చిపోయి చేదు మాత్రమే మిగులుతుంది. రుబ్బిన రోజు నోట్లో పెట్టుకోలేనంత చేదుగా ఉంటుంది, సీసాలో మూడు రోజులు ఆగితే చేదు తగ్గి ఘాటు నిలుస్తుంది. వినిగర్ ఆ ఘాటుని నిలబెడుతుంది.

ఇక ఉల్లిపాయ సూపు. 1969లో రున్జిస్‌కి తరలిపోయేదాకా పారిస్ నడిబొడ్డున లే ఆల్ అనే పెద్ద మార్కెట్ ఉండేది. రాత్రంతా బస్తాలు మోసిన కూలీలు తెల్లారుజామున తాగేది ఇదే. నలుగురికి ఉల్లిపాయలు ఒక కేజీ కావాలి. నాసిక్ నుంచి మనకి వచ్చే ఎర్ర ఉల్లి ఘాటు ఎక్కువది, అయినా పనికొస్తుంది, గంట మగ్గితే ఆ ఘాటు పోతుంది. వేరు నుంచి మొన వైపు, నిలువుగా, 3 మిల్లీమీటర్ల మందాన కోయండి. అడ్డంగా చక్రాలుగా కోస్తే సూపులో కరిగి పీచు మిగులుతుంది. అడుగు మందమున్న వెడల్పాటి దాకలో వెన్న 50 గ్రాములు, నూనె ఒక పెద్ద చెంచా వేసి, ఉల్లిపాయలు, చెంచా ఉప్పు కలిపి మూత పెట్టండి. ఉప్పుకి నీరు ఊరుతుంది. పది నిమిషాలకి మూత తీసేసి, మధ్యస్థం కన్నా తక్కువ మంట మీద 50 నిమిషాల నుంచి గంట.

ఇక్కడే చాలామంది ఓడిపోతారు. ఉల్లిపాయలో దాదాపు తొంభై శాతం నీరే. అదంతా పోయేదాకా రంగు రాదు, అది పోవడానికే అరగంట పడుతుంది. ఆ అరగంటలో ఓపిక పోయి మంట పెంచితే అంచులు మాడి మధ్యలో పచ్చిగా ఉంటుంది, సూపంతా చేదవుతుంది. ఇరుకు గిన్నె వాడితే ఆవిరి పోయే దారిలేక ఉడుకుతుంది గాని వేగదు. నాన్‌స్టిక్ అయితే అడుగంటదు. సూపుకి రంగూ రుచీ ఇచ్చేది ఆ అడుగంటే గోధుమరంగు పొరే, కాబట్టి అది అంటాలి. అంటినప్పుడల్లా రెండు చెంచాల నీళ్లు చల్లి చెక్క గరిటెతో గీకి కలపండి, నాలుగైదుసార్లు అలా చేయాల్సి వస్తుంది. చిటికెడు వంటసోడా వేస్తే తొందరగా రంగు వస్తుందని చెబుతారు. వస్తుంది, కానీ సోడాకి ఉల్లిపొర విడిపోయి జావ అయిపోతుంది. పంచదార వేయడం కూడా వద్దు, ఉల్లిలో ఉన్న తీపి చాలు. కేజీ ఉల్లిపాయలు చివరికి పావుకేజీ, మహా అయితే మూడొందల గ్రాముల ముద్దగా, ముదురు బెల్లం రంగుకి రావాలి.

అప్పుడు మైదా ఒక పెద్ద చెంచా చల్లి రెండు నిమిషాలు వేయించండి. అక్కడ తెల్ల వైన్ 150 మిల్లీలీటర్లు పోస్తారు. వద్దనుకుంటే అన్నే నీళ్లలో ఒక పెద్ద చెంచా వినిగర్ కలిపి పోయండి, పులుపు లేకపోతే సూపు ఉత్త తీపిగా ఉంటుంది. తరవాత ఎముకల రసం 1.2 లీటర్లు. కోడి మెడలు, కాళ్లు కేజీ తెచ్చి, పెనం మీద రంగు వచ్చేదాకా కాల్చి, రెండున్నర లీటర్ల నీళ్లలో మూడు గంటలు సన్నసెగ మీద పెడితే మంచి రసం దిగుతుంది, కాళ్లలోని జిగురు చిక్కదనాన్నిస్తుంది. మేక ఎముకలు వాడితే ఆ వాసన ఉల్లిని మింగేస్తుంది. శాకాహారులైతే రెండు ఉల్లిపాయలు తొక్కతో సహా సగానికి కోసి పెనం మీద నల్లబడేదాకా కాల్చండి. వాటితో రెండు కేరెట్లు, రెండు టమాటాలు, మన వైపు వానాకాలం దొరికే వరిగడ్డి పుట్టగొడుగులు వంద గ్రాములు వేసి ముప్పావు గంట మరిగించండి. పుట్టగొడుగు లేకుండా చేస్తే రుచికి పునాది ఉండదు.

ఆకుల విషయంలో ఒక జాగ్రత్త. ఫ్రెంచి వంటలో వేసే లారెల్ ఆకు వేరు, మన బిర్యానీ ఆకు వేరు. మనదాని మీద నిలువుగా మూడు ఈనెలుంటాయి, దాల్చినచెక్క వాసన. దానికి ఒకటే ఈనె. మనది పూర్తి ఆకు వేస్తే సూపు పలావు వాసన వేస్తుంది, సగం ముక్క చాలు, పది నిమిషాలకి తీసేయాలి. వాళ్లు వేసే థైమ్ అనే ఆకు దొరక్కపోతే పది పన్నెండు వాము గింజలు బట్టలో కట్టి వేయండి. రెండింటిలోనూ ఉండేది థైమాల్ అనే వాసన పదార్థమే, అందుకే సరిపోతుంది. చెంచాడు వేస్తే కషాయం అవుతుంది. అరగంట మరిగాక ఉప్పు చూడండి. పైన వేసే జున్నులో ఉప్పుంటుంది కాబట్టి ఒక మెట్టు తక్కువే ఉంచాలి.

సూపు మీద రొట్టె, జున్నుతో వేసే పైకప్పు పని ఇంకొకటి. బాగెట్ బదులు మన బేకరీల తియ్యటి మెత్తటి పాల రొట్టె వేస్తే నిమిషంలో నాని మునిగిపోతుంది. పాలూ పంచదారా లేని గట్టి రొట్టె అడిగి తెచ్చుకోండి, ఒకరోజు నిలవది మరీ మంచిది. ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఎండనివ్వండి. పైన ఎర్రబడి లోపల తడి ఉంటే లాభం లేదు, విరిస్తే పెళుసుగా విరగాలి. జున్ను మనిషికి 35 గ్రాములు. కోంతే కనీసం నాలుగు నెలలు, స్విస్ గ్రుయేర్ కనీసం అయిదు నెలలు ముగ్గుతాయి, ఆ రుచి ఇక్కడి జున్నుకి రాదు. ప్రాసెస్డ్ చీజ్ ఒక్కటే వేస్తే, కొవ్వు విడిపోకుండా అందులో కలిపే లవణాల వల్ల నున్నగా కరిగి పారుతుంది, తీగ సాగదు, బుడగలు వచ్చి రంగు తిరగదు. మొజరెల్లా ఒక్కటే వేస్తే తీగ వస్తుంది, రుచి రాదు, చల్లారితే రబ్బరు అవుతుంది. మొజరెల్లా రెండు పాళ్లు, ప్రాసెస్డ్ చెడ్డార్ ఒక పాలు కలిపితే దగ్గరికి వస్తుంది. సూపు గిన్నె అంచుకి ఒక సెంటీమీటరు కిందిదాకా పోసి, రొట్టె పరిచి, జున్ను అంచుకి తగిలేలా చల్లండి. అంచుకి అతుక్కున్న జున్నే కప్పుని పైన నిలబెడుతుంది. ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, పైరాడ్ మాత్రం వేసి, 250 దగ్గర నాలుగైదు నిమిషాలు. గాజు గిన్నె పగలొచ్చు, దళసరి పింగాణీ, అది లేకపోతే స్టీలు గిన్నె వాడండి.

వేపిన బంగాళదుంపలు రెండుసార్లు వేపాలి, ఇది అందరికీ తెలిసిందే. సెంటీమీటరు మందం ముక్కలు కోసి, అరగంట నీళ్లలో ఉంచి, బట్టతో పూర్తిగా తుడిచి, 150 డిగ్రీల నూనెలో ఆరేడు నిమిషాలు రంగు రాకుండా ఉడకనిచ్చి తీస్తారు. అరగంట ఆరాక 185 డిగ్రీల్లో రెండు మూడు నిమిషాలు. మొదటిసారి లోపల ఉడుకుతుంది, రెండోసారి పైపొర గట్టిపడుతుంది. అందరికీ తెలియనిది దుంప సంగతి. బరంపురానికి ఆలు ఎక్కువగా బెంగాల్ నుంచి వస్తుంది, వానాకాలంలో దొరికేదంతా కోల్డ్ స్టోరేజీ సరుకు. చలిలో ఉన్న దుంపలో పిండి కొంత పంచదారగా మారుతుంది. దాన్ని వేపితే లోపల ఉడక్కముందే పైన నల్లబడి చేదెక్కుతుంది. తప్పు నూనెదీ కాదు, మంటదీ కాదు. అలాంటి దుంపల్ని తెచ్చి పది రోజులు వంటింట్లో చీకటి మూల గోనె మీద పరిచి ఉంచితే తీపి కొంత తగ్గుతుంది. ఒకేసారి పావుకేజీ కన్నా ఎక్కువ వేయకండి, నూనె చల్లబడి ముక్కలు నూనె తాగుతాయి.

చేప విషయంలో మనదే పైచేయి. అక్కడ సోల్ చేపని మైదాలో దొర్లించి వెన్నలో వేపే పద్ధతి గోపాల్‌పూర్ చందువకి చక్కగా సరిపోతుంది. చేపకి గాట్లు పెట్టి, ఉప్పు రాసి, తడి లేకుండా తుడిచి, మైదా పెనం మీద వేసే క్షణంలోనే అద్దాలి. ముందే అద్ది ఉంచితే పిండి తడిసి జిగురై పెనానికి పడుతుంది. నూనెలో రెండువైపులా నాలుగేసి నిమిషాలు వేపి కంచంలోకి తీసి, పెనం తుడిచి, వెన్న 60 గ్రాములు వేయండి. నెయ్యి వేస్తే ఈ వంటకం రాదు. వెన్నలోని పాలపదార్థం గోధుమరంగుకి తిరిగి ఇచ్చే వాసనే దీని ప్రాణం, నెయ్యి కాచినప్పుడు మనం వడకట్టి తీసేసేది ఆ మడ్డినే. నురుగు అణిగి, రంగు తిరిగి, వేయించిన జీడిపప్పు వాసన రాగానే పొయ్యి ఆర్పి, అర చెక్క నిమ్మరసం పిండి, చిటపటలాడుతుండగా చేప మీద పోయాలి. పది సెకన్లు ఆలస్యమైతే నలుపు తిరుగుతుంది. కొత్తిమీర వద్దు, దాని వాసన వెన్నని కప్పేస్తుంది.

ఆఖరిది క్రెమ్ కారమెల్, పాలూ గుడ్లూ కలిపి పాకం మీద చేసే తీపి. పంచదార 100 గ్రాములు రెండు చెంచాల నీళ్లతో ముదురు రాగిరంగు వచ్చేదాకా కాచి గిన్నెల అడుగున పోయాలి. లేత రంగులో ఆపితే తీపి తప్ప ఇంకేం ఉండదు, ఆ కాస్త చేదు కావాలి. పాలు అర లీటరు గోరువెచ్చగా చేసి, నాలుగు గుడ్లు, 80 గ్రాముల పంచదారతో నురుగు రాకుండా కలిపి, వడకట్టి పోయండి. గిలక్కొడితే గాలి చేరి కంతలు పడతాయి. గిన్నెల్ని వేడినీళ్ల పళ్లెంలో పెట్టి 150 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు. పళ్లెంలో నీళ్లు మరిగితే గుడ్డు గట్టిపడి నీరు కక్కుతుంది, అందుకే పళ్లెం అడుగున మడతపెట్టిన బట్ట వేస్తారు. గిన్నె కదిపితే అంచులు నిలిచి మధ్యలో మాత్రం వణకాలి, అప్పుడు తీసేయాలి, మిగతాది దాని వేడికే ఉడుకుతుంది. ఆ రోజే కంచంలోకి బోర్లిస్తే పాకం అడుగునే గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంటే కస్టర్డ్‌లోని తడికి పాకం కరిగి సాసు అవుతుంది, కాబట్టి ఆదివారం మధ్యాహ్నానికి కావాలంటే శనివారం సాయంత్రమే చేసి పెట్టుకోవాలి. చాకు మొన అంచు చుట్టూ ఒకసారి తిప్పి, కంచం మూసి, ఒక్క కుదుపుతో బోర్లిస్తే దిగుతుంది.